రోడ్డు తవ్విన వాడ

రూపను బొందవెట్టి వచ్చేసరికి బాటకు కంప కొట్టి ఉన్నది.

పచ్చి తుమ్మకంప. ఊరికీ వాడకూ నడుమ ఉన్న ఒక్క బాటకు అడ్డంగ, మనిషెత్తు పేర్చిన్రు. కొమ్మల మీద పసుపుపచ్చ పూలు ఇంక వాడిపోలే. కంప ముంగట పదిమంది మగోళ్లు మూతులకు తువ్వాలలు కట్టుకొని, చేతుల కట్టెలు పట్టుకొని నిలవడ్డరు. వాళ్ల ఎనుక ఒక ఆటో, దాని మీద మైకు.

"వాడలో కుళ్లిన మాంసం తినుట వలన వాంతులు, విరేచనాలు ప్రబలినవి. కావున వాడవాళ్లు ఊర్లోకి రావద్దు. ఊరివాళ్లు వాడకు పోవద్దు. కూలికి పిలువద్దు."

బొందలగడ్డ ఊరికి అటు దిక్కు, సాగర్ కాలువ కట్ట పొంటి ఉన్నది. పీనుగును తీస్కపోయేటప్పుడు బాట ఉండె. తిరిగొచ్చేసరికి లేదు. మోసినోళ్లు నలుగురు, ఎంబడి పోయినోళ్లు నలుగురు. ఆ ఎనిమిది మంది ఊరి నడుమ నిలవడి, ఇంటికి పోయే తొవ్వ కోసం చూస్తున్నరు.

"పొలాల మీదికెళ్లి తిరిగి పోండ్రి," అన్నడు కట్టెలు పట్టుకున్నోళ్లల్ల ఒకడు, జంగయ్య.

జంగయ్య రెండెకరాల రైతు. పదేండ్ల సంది ఆయన మడి నాటేది రూప తల్లి సైదమ్మ ముఠానే. నాటు రోజు జంగయ్య తల్లి గోపమ్మ గట్టు మీద కూసొని, సైదమ్మతోని తన ఇంటి ముచ్చట్లన్నీ చెప్పుకునేది. ఇప్పుడు ఆ జంగయ్య సైదమ్మ మొఖం చూడలేక, ఆమె కాళ్ల దిక్కు చూసుకుంట మాట్లాడుతాండు.

"కన్నబిడ్డను పెట్టొస్తాంది జంగయ్యా. జర తొవ్వియ్యి," అన్నడు మోసినోళ్లల్ల ఒకడు.

"నా చేతుల లేదు. ఊరంత అనుకున్నది."

సైదమ్మ చేతులకు బొంద మన్ను అట్లనే అంటి ఉన్నది. ఆమె బాట దిగి వరి గట్టు మీద అడుగు పెట్టింది. మిగిలినోళ్లు ఆమె ఎంబడి దిగిన్రు. ఆమెకు కోపం రాలే. ఏడుపు రాలే. తన పెయ్యిని, ఒంటినంత, ఎవరో దూరం నుంచి నడిపిస్తున్నట్టున్నది. గట్టు మీద ఒకచోట బురద జారితే, పడకుంట కాలు తనంతట తనే ఆపుకున్నది. అది గూడ ఆమె చూస్తున్నది, పరాయి మనిషి కాలును చూసినట్టు.

ఆ ఊరు బండమీదిగూడెం. హాలియాకు పది కిలోమీటర్లుంటది. సైదమ్మకు నలభై ఐదేండ్లు. మొగడు పోయి పన్నెండేండ్లయింది. ఇరవై మంది ఆడోళ్ల నాట్ల ముఠాకు ఆమె పెద్ద. రూప ఒక్కతే బిడ్డ. నల్లగొండల నర్సు చదువు, రెండో ఏడు.

వాడల జబ్బు ఎట్ల మొదలైందంటే, అంతకు ముందటి ఆదివారం సైదమ్మ బావ ఇస్రాయేలు తన మనుమని మొదటి పుట్టినరోజు చేసిండు. చర్చి ముంగట టెంటు ఏసి, వాడంతటికీ పెద్దకూర, గొడ్డు మాంసం, వండి పెట్టిండు. మంగళారం పొద్దుగాల ఇస్రాయేలు భార్య ఎస్తేరుకు కడుపు నడిచింది. మాపటికి నాలుగిండ్లల్ల అదే గోస. ముసలోళ్లు దాన్ని గత్తర అన్నరు, కలరా. ఎస్తేరు బుధారం తెల్లారంగ పానమిడిసింది. తర్వాత రెండు ముసలి పానాలు, ఒక ఏడాదిన్నర పిల్ల. శుక్రారం రూపకు మొదలైంది. ఆటోవాళ్లు వాడకు రామన్నరు. మంచంల ఏసుకొని కాలువ కట్ట దాటి పెద్దరోడ్డు ఎక్కేసరికి శనివారం ఎండ నెత్తికొచ్చింది. లారీ ఒకటి ఆగింది. అప్పటికి రూప కండ్లు తెరిచే ఉన్నయి గని చూస్తలేవు.

ఐదు రోజులల్ల ఐదు పీనుగులు.

కంప కొట్టుడు ఆ ఊరికి కొత్తగాదు. కరోనా నాడు నేర్సిన పని అది. అప్పుడు పట్నంల పని బందయి, ఇస్రాయేలు కొడుకు బెంజమిన్ మూడు దినాలు నడిచొస్తే, వాడోళ్లే కంప కొట్టిన్రు. ఆ కంప గుంజిన చేతులల్ల సైదమ్మ చేతులు గూడ ఉన్నయి. సొంత బావ కొడుకును పదిహేను దినాలు చింతతోపుల పండవెట్టిన్రు. ఆ భయంల, ఆ బుగుల్ల అదే న్యాయమనిపించింది. అదే బుగుల్ల కాంట్రాక్టర్ రామచంద్రయ్య ట్రాక్టర్ నిండ బియ్యం తెచ్చి పంచితే, రెండు చేతులెత్తి మొక్కిన్రు.

రామచంద్రయ్య భార్య సర్పంచ్. నడిపేది ఆయన, అందరూ పటేలు అంటరు. కాలువ కింద నలభై ఎకరాలు. ఊరి సీసీ రోడ్లు, మోరీలు, నల్లా పైపులు అన్నీ ఆయన కాంట్రాక్టే. ఈ ఎండకాలమే వాడ దాంక కొత్త రోడ్డు పోయించిండు. చర్చి ముంగట శాలువా కప్పించుకున్నడు. బియ్యం పంచిన దినం కాన్నుంచి ఆయన మాటకు ఎదురు లేదు. ఆయన "కుళ్లిన కూర" అనంగనే ఊరు నమ్మింది. వాడ గూడ నమ్మింది. పెద్దకూర అనంగనే ఊరోళ్లు మూతులు ముడుస్తరు. పుట్టినకాన్నుంచి ఆ ముడిచిన మూతులు చూసినోళ్లకు, తప్పు తమ పళ్లెంలనే ఉన్నదేమో అనిపించింది.

బొందవెట్టిన మూడో దినం బడిల క్యాంపు పెట్టిన్రు. కుర్చీల ఒక ఆఫీసరు, పక్కన దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకొని రామచంద్రయ్య. ఐదిండ్లోళ్లను పిలిచిన్రు. ఒక్కొక్కలకు ఒక కాగితం. ఆఫీసరు సైదమ్మ కాగితం చదివిండు. "మృతురాలు ఆదివారము విందులో మాంసాహారము భుజించిన తదుపరి..." అట్లాంటి మాటలు. సైదమ్మకు శబ్దం వినవడ్డది, మాట వినవడలే.

"ఏలిముద్ర ఎయ్యి సైదమ్మా," అన్నడు రామచంద్రయ్య. "నీ మంచికే చెప్తున్న. ఈ కాగితం పోతెనే పైనుంచి సాయం వస్తది. కంప తీయంగనే నా నలభై ఎకరాల నాటు నీ ముఠాదే."

సైదమ్మ ఏలు చాపింది. ఎవరో పట్టి సిరాల అద్ది, కాగితానికి ఒత్తిన్రు. మిగిలిన నాలుగిండ్లోళ్లు గూడ ఏసిన్రు. కొందరు సిగ్గుతోని, కొందరు కంప తీస్తరని. సైదమ్మ ఏ కారణం లేకుంటనే ఏసింది.

వాడ ఇస్రాయేలు మీద పడ్డది. ఆయన చేతి నీళ్లు ఎవరూ ముట్టలే. పిల్ల పోయిన తల్లి దినాం పొద్దుగాల ఆయన వాకిట్ల నిలవడి దుమ్మెత్తి పోసింది. "నా పిల్లను తిన్నవు ముసలోడా! కుళ్లిన కూర పెట్టి తిన్నవు!" ఇస్రాయేలు తలుపు తీసి, ఆ దుమ్ము మీద పడనిచ్చి, మల్ల లోపలికి పోయేటోడు. ఎస్తేరు పీనుగును ఆయన, బెంజమిన్, ఇంకిద్దరే మోసిన్రు. చర్చిల ఆయన లేచి నిలవడి "నేనే చంపిన" అన్నడు. ఎవరూ కాదనలే.

రూప పోయిన తర్వాతి శుక్రారం నాడు ఆశ వర్కర్ మెర్సీ ఫారాలు పట్టుకొని సైదమ్మ ఇంటికొచ్చింది. మెర్సీ ఆ వాడ పిల్లనే. సైదమ్మను చిన్నమ్మా అని పిలుస్తది.

"చిన్నమ్మా, ఇదొక్కటి రాసుకొని పోత. రూప ఆదివారం కూర ఎప్పుడు తిన్నదో, ఎంత తిన్నదో చెప్పు."

సైదమ్మ బియ్యం చెరుగుతాంది. చెరుగుడు ఆపలే. "ఆదివారం రూప ఈడ లేదు."

"లేదా?"

"ఎస్తేరక్క పోయిందంటే బుధారం వచ్చింది. నల్లగొండ కాన్నుంచి, రెండు గంటల బస్సుకు."

మెర్సీ పెన్ను ఆగింది. "మిగిలిన కూర గిట్ల తిన్నదా?"

"మంగళారమే పారబోసిన్రు గదా."

"మరేం తిన్నది?"

"ఎండల వడి వచ్చింది. రాంగనే నీళ్లడిగింది. రెండు చెంబులు ముంచిచ్చిన." సైదమ్మ చేట ఆగింది. "నేనే ముంచిచ్చిన. తర్వాత అందరికి కాగవెట్టిన నీళ్లే తాగుండ్రని చెప్పుకుంట తిరిగింది. అది మాత్రం దిగంగనే తాగింది."

ఇద్దరూ బిందె దిక్కు చూసిన్రు. మూలకు నల్లా నీళ్ల స్టీలు బిందె, మీద మూత, మూత మీద చెంబు.

"నీకేం గాలే గదా?"

"నేను పొద్దుందాంక మడిల ఉంట. బోరు నీళ్లే తాగుత. బుధారం సంది ఇంట్ల గూడ రూప చెప్పినట్టు కాగవెట్టినయే."

మెర్సీ పెన్నుకు మూత పెట్టింది. "ఆదివారం తిన్నదని కాగితంల ఉన్నది చిన్నమ్మా. నువ్వు ఏలిముద్ర ఏసినవు."

"ఏసిన."

"చదవలేదా?"

"చదివిన్రు. నాకు ఇనరాలే."

"నేను గూడ రాసిన," అన్నది మెర్సీ. "కూరనే కారణమని రాయమని పైనుంచి చెప్పిన్రు. నలుగురికి రాసిన. ఎవరేం నీళ్లు తాగిన్రని అడుగలే. అడగాలని తెలిసి గూడ అడుగలే. నౌకరి పోతదని బుగులయింది."

సైదమ్మ లేచి చేట గోడకు ఆనిచ్చి, బయటికి నడిచింది. వాడ చూస్తుండంగ ఇస్రాయేలు వాకిట్లకు పోయి, వారం దినాలల్ల ఎవరూ తొక్కని ఆ గడప తొక్కింది. ముసలాయన నులకమంచం కోడు పట్టుకొని కింద కూసున్నడు.

"బావా. రూప నీ కూర తినలే."

ఆయన తల ఎత్తలే.

"అది బుధారం వచ్చింది. నీ కూర దాన్ని చంపలే. ఇంటున్నవా?"

ఇస్రాయేలు ఆమె మొఖం చూసిండు. "మరి ఎస్తేరు?"

"నాకు తెల్వది. అందర్ని అడుగుదాం. రేపు పొద్దుగాల అందర్ని చర్చి కాడికి పిలువు."

"నేను పిలుస్తె ఎవరొస్తరు?"

"నేను పిలుస్త."

శనివారం పొద్దుగాల చర్చి అరుగు నిండింది. కూలి లేదు, పోను జాగా లేదు, గందుకే వచ్చిన్రు. ఇస్రాయేలును చూసి కొందరు లేచిపోబోయిన్రు. సైదమ్మ మెట్టు మీద నిలవడ్డది. మీటింగులల్ల మాట్లాడిన మనిషి కాదు. నారు పంచేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడింది.

"నా బిడ్డ తినలే. అయినా పోయింది. తిన్నదని కాగితం మీద నేను ఏలిముద్ర ఏసిన. అది అబద్ధం. ఇగ మీరు చెప్పుండ్రి. తిన్నదెవరు, పడ్డదెవరు."

"అందరం తిన్నం," అన్నడొకడు. "మల్ల అదే పంచాయితా?"

మల్లప్ప లేచిండు. తిండిల ఆయనకు వాడల పేరున్నది. "నేను మూడుసార్లు పెట్టిచ్చుకొని తిన్న. మా ఇంట్ల ఏడుగురం తిన్నం. ఒక్కలకు తలనొప్పి గూడ రాలే."

"నీళ్లు ఏడియి?" అని అడిగింది మెర్సీ.

"మా ఇంటికి నల్లా ఏది? రెండేండ్ల సంది ఇయ్యమని తిరుగుతున్న. మేం బోరు కాన్నుంచే మోస్తం."

జనం అటూ ఇటూ కదిలిన్రు. బోరు నీళ్లు మోసే ఇండ్లు ఇంకో మూడున్నయి. ఆ మూడిండ్లు గూడ విందు తిన్నయి. అండ్ల ఎవరూ పడలే. నల్లా ఉండి, తిననోళ్లు ఇద్దరున్నరు. ఆ రోజు హాలియా అంగడికి పోయిన్రు. ఇద్దరూ పడ్డరు. ఎవరో ఒకరు లేస్తున్నరు, చెప్తున్నరు, కూసుంటున్నరు.

పిల్ల పోయిన తల్లి ఎనుక గోడకు ఆనుకొని ఉన్నది. ఆమె లేవలే. కూసున్నకాడనే అన్నది.

"నా పిల్లకు దవడపండ్లే రాలే. దానికి కూరెట్ల పెడుత. పాలపొడి కలిపి పట్టిన." ఆమె తన చేతుల దిక్కు చూసుకున్నది. "నల్లా నీళ్లల్ల కలిపిన."

ఇస్రాయేలు పోయి ఆమె పక్కన, కొంచెం ఎడంగ, నేల మీద కూసున్నడు. ఆమె ఆయనను పొమ్మనలే.

"అయితేంది?" అన్నడు అంగడికి పోయొచ్చిన వాళ్లల్ల ఒకడు. "పటేలుతోని పెట్టుకుంటమా? ఊరు కంప కొట్టింది. నాట్లు లేవు. ఇంకో నాలుగు దినాలు నోరు మూసుకుంటే ఆయనే తీయిస్తడు."

"నోరు మూసుకొనే గదా ఐదుగురిని పెట్టొచ్చినం!" అన్నడు బెంజమిన్.

"నువ్వు పట్నం పోతవు. ఈడ బతికేది మేము."

"పట్నం కాన్నుంచి నడిచొస్తే మీరే గదా నాకు కంప కొట్టింది!"

లొల్లి లేచింది. ఒకరి మీదికి ఒకరు పోయిన్రు. సైదమ్మ మెట్టు మీదనే నిలవడి అన్నది, "అవును. నేను గూడ గుంజిన ఆ కంప. బుగులు గట్ల చేపిచ్చింది. ఇప్పుడు ఊరోళ్లతోని గట్లనే చేపిస్తాంది. పటేలుకు అదే కావాలె. నాకైతే ఇగ బుగులు వస్తలేదు. ఏదీ వస్తలేదు. అందుకే నేను ముంగట నడుస్త. బుగులున్నోళ్లు నా ఎనుక రాండ్రి. ఫికరేం లేదు."

అప్పుడే కంప అవతల నుంచి పిలుపు వినవడ్డది. "మెర్సమ్మా! ఓ మెర్సమ్మా!"

జంగయ్య. చేతుల కట్టె లేదు, మూతికి తువ్వాల లేదు. వాడంత కంప దాంక పోయింది.

"మా అమ్మకు రెండు దినాల సంది కడుపు నడుస్తాంది. లేస్తలేదు. మా గల్లిల ఇంకిద్దరికి గూడ. చెప్తే మా గల్లికి గూడ కంప కొడుతరని దాచినం. జర రా తల్లీ."

"మీ అమ్మ గూడ పెద్దకూర తిన్నదా?" అన్నది ముఠాల ఒకామె.

ఆమెనే మల్ల వాడోళ్ల దిక్కు తిరిగింది.

"మాకు తొవ్వియ్యలే. సైదమ్మ బిడ్డను పెట్టొస్తే గట్ల మీదికెళ్లి పొమ్మన్నడు. ఇప్పుడు మన మెర్సీ కావాల్నా? పోవద్దు."

"పోవద్దు!" అన్నరు నలుగురైదుగురు.

సైదమ్మ కంప సందుల కెళ్లి జంగయ్యను చూసింది. "మీకు నీళ్లు ఏ లైను?"

"మీదే. రోడ్డు పోసినంక మా గల్లి నల్లాలు మీ లైనుకే కలిపిన్రు."

"ఇన్నరా?" అన్నది సైదమ్మ ఎనుకకు తిరిగి. తర్వాత మెర్సీ దిక్కు చూసింది. "పో బిడ్డా. గోపమ్మ ఎవరికీ కంప కొట్టలే."

మెర్సీ సంచి తీసుకున్నది. జంగయ్య ఉత్త చేతులతోని కంప గుంజుతాండు. ముండ్లు దిగి రక్తం కారుతున్నా ఆపలే. ఇటు దిక్కు నుంచి మల్లప్ప ఒక కొమ్మ పట్టిండు. తర్వాత బెంజమిన్. పోవద్దన్న ఆమె గూడ ఒక కొమ్మ పట్టింది, తిట్టుకుంటనే.

సోమారం పొద్దుగాల రామచంద్రయ్య ట్రాక్టర్ వాడకొచ్చింది. నారు ముదురుతాంది, నలభై ఎకరాలు ఆగవు. గత్తర ఉన్నా లేకున్నా ఆయనకు ఇరవై జతల చేతులు కావాలె. కంప తీసినోళ్లను గూడ ఆయన ఏమనలే.

ముఠా బయటికొచ్చింది. ఎవరి చేతుల నాటు సామాను లేదు. గడ్డపారలు, పారలు, తట్టలు. ఇరవై మంది ఆడోళ్లు ట్రాక్టర్ పక్కకెళ్లి నడిచి, కొత్త సీసీ రోడ్డు మీదికెక్కిన్రు. వాడకూ జంగయ్య గల్లికీ నీళ్లొచ్చే పైపు దాని కిందనే ఉన్నది. ఎనుక మగోళ్లు. జంగయ్య గల్లి నుంచి గూడ పన్నెండు మంది వచ్చి కలిసిన్రు. గోపమ్మ సెలైన్ ఎక్కి మంచంల ఉన్నది, బతికింది.

మొదటి దెబ్బ సైదమ్మ ఏసింది. కాంక్రీటు అనుకున్నంత గట్టిగ లేదు. మూడంగుళాల కింద ఉసికె. ఒకచోట తవ్విన్రు, పైపు మంచిగున్నది. ఇంకోచోట తవ్విన్రు, అదీ మంచిగున్నది. పొద్దెక్కింది. చెమటలు కారుతున్నయి. "ఉత్తగనే తవ్వుతున్నమా?" అన్నరు కొందరు. చుట్టూ ఊరు చేరింది. నవ్వేటోళ్లు నవ్వుతున్నరు.

"ఆడ కాదు."

ఆ మాటన్నది గురవయ్య. పంచాయతీ తరుపున నల్లాలు విడిచేటాయన. పొద్దటిసంది మందిల నిలవడే ఉన్నడు. ఇప్పుడు ముంగటికొచ్చి, మోరి రోడ్డు దాటే మలుపు కాడ కాలు పెట్టిండు. "ఈడ."

అరగంటల కనవడ్డది. మోరి మురుగునీళ్లల్ల మునిగిన పైపు. పగిలినకాడ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, మీద ప్లాస్టిక్ సంచి కట్టి ఉన్నది. ట్యూబు వదులై మోరి నీళ్లు అండ్లకు పోతున్నయి. వాసన లేచింది. ముంగటున్నోళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నరు. ఎనుకున్నోళ్లు చూస్తమని తోసుకొచ్చిన్రు. ఊరంత ఒకరి ఎనుక ఒకరు వంగి చూసింది. నవ్వినోళ్లు గూడ చూసిన్రు.

"నేనే కట్టిన," అన్నడు గురవయ్య. "రోడ్డు పోసేటప్పుడు మిషన్ తగిలి పలిగింది. కొత్త పైపు కావాలన్న. బిల్లు దినం దగ్గరవడ్డది, గిట్లనే కట్టి పూడ్చు అన్నడు పటేలు. కట్టిన. పీనుగులు లేస్తుంటే ఇదేనని తెలుసు. చెప్పలే."

పిల్ల తల్లి గడ్డపార ఎత్తింది. మంది గురవయ్య మీదికి ఉరికింది. అంగీ చినిగింది. సైదమ్మ నడుమల దూరి ఆయనకు ముంగట నిలవడ్డది.

"కొడుతరా? నన్ను గూడ కొట్టుండ్రి. తిన్నదని ఏలిముద్ర ఏసిన. మెర్సీని కొట్టుండ్రి, కూరనే రాసింది. జంగయ్యను కొట్టుండ్రి. అందర్నీ కొట్టుకుంట పోతె, కట్టుమన్నోడు ఇంట్ల చల్లగ కూసుంటడు."

కూసోలే. అప్పటికే రామచంద్రయ్య జీపు దిగుతున్నడు. "ప్రభుత్వ రోడ్డు తవ్వుతరా? ఒక్కొక్కల్ని జైల్ల ఏపిస్త!" అని వచ్చినోడు, గుంత చుట్టూ ఉన్నది వాడ ఒక్కటే కాదని చూసిండు. గొంతు మార్చిండు. "సరే, తప్పయింది. రేపే కొత్త పైపు ఏపిస్త. నా మాట మీద పూడ్చుండ్రి. బడి పిల్లలు పోయే తొవ్వ. సైదమ్మా, నువ్వన్న చెప్పు."

"పూడ్చం పటేలా. కాగితం రాసినోళ్లు వచ్చి చూడాలె. కూర కాదు, నీళ్లని ఈడనే మల్ల రాయాలె. నువ్వు కట్టించినవని రాయాలె."

"రాకపోతే?"

"ఈడనే కూసుంటం."

కూసున్నరు. గుంత చుట్టూ, మోరి వాసనల. బెంజమిన్ ఆ పైపును సెల్లుల వీడియో తీసి తెలిసినోళ్లందరికీ పంపిండు. నలభై ఎకరాలల్ల నారు ఎండకు వాలింది. ఆ మాపటికి మెర్సీకి ఫోనొచ్చింది, రేపటిసంది పనికి రావద్దని. ఆమె ఫోను సంచిల ఏసుకొని మల్ల వచ్చి కూసున్నది.

తెల్లారి రాసేటోళ్లు రాలే. రెండు పోలీసు బండ్లొచ్చినయి.

"రోడ్డు ఎవరు తవ్విన్రు?" అన్నడు ఎస్సై.

"నేను," అన్నది సైదమ్మ.

"నేను," అన్నడు ఇస్రాయేలు.

"నేను." పిల్ల తల్లి. "నేను." మల్లప్ప. "నేను గూడ." జంగయ్య. గురవయ్య చినిగిన అంగీతోనే లేచి బండి ఎక్కి కూసున్నడు, ఎవరూ పిలువకముందే. రెండు బండ్లు నిండినయి. జాగా లేనోళ్లు ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకొని ఎంబడి వచ్చిన్రు. గుంత కాడ ముసలోళ్లను కాపలా కూసోవెట్టిన్రు. గోపమ్మ గూడ చేతికి పట్టీతోని వచ్చి ఒక రాయి మీద కూసున్నది.

ఠాణాల కేసు రాసిన్రు. గడ్డపారలు సాక్ష్యమని లోపల పెట్టిన్రు. సైదమ్మను వరండాల గోడకు కూసోవెట్టిన్రు. ఎవరో అన్నం పొట్లం ఇచ్చిన్రు. తిన్నది. ఉప్పు తక్కువైందని తెలిసింది. వారం దినాలల్ల తిన్నదాని రుచి తెలుసుడు అదే మొదలు. అంతకు మించి లోపల ఏమీ కదలలే.

మధ్యాన్నం మూడింటికి గేటు కాడ ఒక ట్రాలీ ఆగింది. ముప్పై నలభై మంది ఆడోళ్లు దిగిన్రు. సైదమ్మ ఎరిగిన మొఖం ఒక్కటి లేదు. కానిస్టేబుల్ అడ్డం పోయిండు. వాళ్లు ఆయన మీదికెళ్లి వరండా దిక్కు చూసి కేకేసిన్రు.

"గుంత తవ్వింది నువ్వేనా అక్కా?"

"అందరం తవ్వినం. మీదేవూరు?"

"కాలువ అవతలిది. మా ఊర్ల గూడ ఆయనే రోడ్డు పోసిండు. మా దగ్గర నలుగురు పోయిన్రు. కల్లు తాగి పోయిన్రని రాసిన్రు. మేం గూడ సిగ్గువడి ఊకున్నం. గడ్డపారలు తెచ్చుకున్నం. ఏడ తవ్వాల్నో చెప్పు."

సైదమ్మ లేచి, వరండా కటకటాలు పట్టుకొని నిలవడ్డది. కూసోమని జమేదారు అరిచిండు. ఆమె కూసోలే.

"తవ్వుడు తర్వాత. ముందుగాల అందర్ని ఒక్కకాడ కూసోవెట్టుండ్రి. పోయినోళ్ల ఇంటోళ్లను మాట్లాడనియ్యుండ్రి. తిట్టుకుంటరు, తిట్టుకోనియ్యుండ్రి. ఎవరేం తాగిన్రో ఒక్కొక్కల్ని అడుగుండ్రి. నల్లా విడిచేటాయన ఎవరో చూసుకోండ్రి, ఆయనను కొట్టనియ్యకుండ్రి. ఆయనకు జాగా తెలుసు."

"ఇంక?"

"మీరు వచ్చిన తొవ్వల ఎన్ని ఊర్లున్నయి?"

"ఆరు."

"వాటికి గూడ చెప్పుకుంట పోండ్రి."

ట్రాలీ తిరిగింది. అండ్ల కెళ్లి వచ్చినోళ్లల్ల సగం మంది ఎక్కలే. ఠాణా గేటు కాడనే, తొవ్వకు అడ్డంగ, కొంగులు పరుచుకొని కూసున్నరు.